అత్తమ్మ కలుపు తీసిన సముద్రం

పటాన్‌చెరులో మా కిరాయి ఇంటి ముందుగదిలో ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టిన కొత్తలో, పొద్దున లేవగానే నేరుగా దాని దగ్గరికే వెళ్లేదాన్ని. నేను పుట్టింది సముద్రం పక్కన. నాన్నకు ఇక్కడి ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చాక, ఆరేళ్లప్పుడు ఇటు వచ్చేశాం. గడ్డపోతారంలో మందుల కంపెనీ ల్యాబులో రోజంతా నిలబడి వచ్చాక, ఆ గాజుతొట్టిలో తెల్లటి ఇసుక, చిల్లుల రాళ్లు, నీలివెలుగులో తిరిగే రెండు నారింజరంగు చేపలు కనిపిస్తే ఒళ్లు తేలికయ్యేది.

అప్పుడే మా అత్తమ్మ మోకాలి ఆపరేషన్ చేయించుకుని మా ఇంటికి వచ్చింది. కొండాపూర్ మండలంలో వాళ్లది వ్యవసాయం. ఆమె ఎన్నడూ సముద్రం చూడలేదు. మా ఆయనా నేనూ డ్యూటీకి వెళ్తే పగలంతా తొట్టి ముందే కూర్చునేది.

“సముద్రం గూడ గిట్లనే ఉంటదా బిడ్డా?” అని అడిగింది ఒకరోజు.

“చాలా పెద్దది అత్తమ్మా. అవతలి ఒడ్డు కనిపించదు.”

అవతలి ఒడ్డు లేని నీళ్లను చూడటానికన్నట్టు ఆమె కళ్లు మూసుకుంది. చాలాసేపు తెరవలేదు.

తొట్టి పెట్టిన మూడో వారంలో ఇసుక మీద గోధుమరంగు పొర కమ్మింది. కొత్త తొట్టికి మామూలేనని, దానంతటదే పోతుందని అమ్మినాయన చెప్పాడు. అది పోయింది కానీ, వెనకే పచ్చటి పాచి మొదలైంది. ముందు రాళ్ల మీద నూగులా, పది రోజుల్లో జుట్టులా. తొట్టిలోని పంపు నీళ్లను తోసినప్పుడల్లా ఆ పోగులన్నీ ఒక్కసారిగా అటు వాలి, మళ్లీ ఇటు వాలేవి. చూస్తూ నిలబడితే గది కూడా మెల్లగా ఊగుతున్నట్టుండేది. చేపలు దాక్కునే సందులు మాత్రం మూసుకుపోతున్నాయి.

గాజు గీకాను. నీళ్లు మార్చాను. మేత తగ్గించాను. ఆర్వో నీళ్లే పోస్తున్నాను, అయినా పరీక్షిస్తే ప్రతిసారీ పాచిని పెంచే ఫాస్ఫేటు ఎక్కువే. ల్యాబులో ఎక్కడ తప్పు జరిగిందో ఇట్టే పట్టుకునే నేను ఇంట్లో పట్టుకోలేకపోయాను.

“ఇగ తీసేద్దాం తియ్. ఎందుకింత పరేషాన్?” అన్నాడు మా ఆయన.

ఒక శనివారం కంపెనీలో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికి పంపేశారు. తలుపు తీసేసరికి తొట్టిలో లైటు వెలుగుతోంది. కిటికీ పరదా పక్కకు లాగి ఉంది. ఎండ నీళ్లలో పడి, గోడలన్నీ అలలు. ఆ అలల మధ్య అత్తమ్మ ఒక చేత్తో కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో చెంబెడు బోరు నీళ్లు తొట్టిలో పోస్తోంది.

“ఏం చేస్తున్నారు అత్తమ్మా?”

“నీళ్లు రోజు జెర జెర తగ్గుతున్నయ్ బిడ్డా. పాపం, చేపలకు దూపైతదని పోస్తున్న. చీకట్ల బెదురుతయని పరదా తీసిన, లైటు గూడ ఏసిన.”

కోపం గొంతుదాకా వచ్చింది. ఆ మోకాలితో వంటింటికీ తొట్టికీ మధ్య ఎన్నిసార్లు నడిచిందో అనుకోగానే దిగిపోయింది. పక్కన కూర్చుని, బోరు నీళ్లూ ఎక్కువ వెలుగూ పాచికి ఎరువని చెప్పాను.

ఎరువనగానే ఆమె తలెత్తింది. “అంటే గీ గడ్డి నేనే పెంచిన్నా?”

“మీకు ముందే చెప్పకపోవడం నా తప్పు.”

“గిది కలుపే గదా! చేతులతోని పీకుదాం.”

మర్నాడు ఉప్పునీళ్ల బకెట్‌లో ఒక్కో రాయీ తీసి పెట్టాను. ఆమె పోగుల్ని మొదలు దగ్గర పట్టి, మెల్లగా మెలితిప్పి లాగేది. నేను లాగితే తెగిపోయేవి, ఆమె లాగితే కుదుళ్లతో సహా వచ్చేవి. మధ్యలో ఆగి వేళ్లు వాసన చూసుకుంది.

“సముద్రం వాసన గిదేనా?”

ఆమె చెయ్యి నా ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడి ఇసుకలో నాన్న చెయ్యి పట్టుకుని నడిచిన సాయంత్రం ఒకటి ఎక్కడినుంచో వచ్చి మా మధ్య కూర్చుంది. అవునన్నాను.

పరదా మూశాం. బోరు నీళ్లు ఆపేశాం. పాచి తినే నత్తల్ని నాలుగింటిని తెచ్చి వదిలాను. వారం వారం కలుపు తీస్తుంటే, రెండు నెలల్లో రాళ్లు తేటపడ్డాయి.

ఒక పొద్దున అత్తమ్మ కేకేసింది. ఒక రాతి మూలన గులాబీరంగు మచ్చ, గోరంత.

“ఇది గూడ పాచేనా?”

“పాచే అత్తమ్మా. నీళ్లు కుదురుకుంటే వస్తుంది. ఇది మంచిదే.”

ఇద్దరం గాజుకు నుదుళ్లు ఆనించి దాన్నే చూస్తూ ఉండిపోయాం. వీధి చివర నేనెక్కాల్సిన కంపెనీ బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయింది.