తిరిగి లేచిన మృతుల రిజిస్టరు

2004 జూన్ 13, ఆదివారం, సాయంత్రం నాలుగు గంటల పది నిమిషాలు. బీదరులో సన్నని తుంపర. ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు వరండాలోని ఉష్ణమాపకం ఇరవై ఏడు డిగ్రీలు చూపింది. నాలుగూ పదికల్లా నేను బస్టాండు వెనుక కంప్యూటరు సెంటరులో, రెండు తెరల మధ్య స్టూలు మీద, ఒళ్లో రిజిస్టరుతో కూర్చున్నాను.

పురపాలక కార్యాలయపు జనన మరణాల విభాగంలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన నన్ను అక్కడికి పిలిచింది మా చెల్లెలి కూతురు. తర్వాతి ఆదివారం హైదరాబాదులో తుపాకీ ఆట పోటీ. బీదరు జట్టులో ఒక స్థానం ఖాళీ; దానికి మా మేనకోడలు, భాల్కి నుంచి వచ్చే ఒక యువకుడు పోటీ పడుతున్నారు. అరగంటలో ఎదుటివారిని ఎవరు ఎక్కువసార్లు చంపితే వారిదే స్థానం. ఓడితే మళ్లీ సెంటరు గడప తొక్కకూడదని మా చెల్లెలి షరతు.

"కంప్యూటరే లెక్కపెడుతది గదా, నేనెందుకు?" అని అడిగాను.

"అది సంతకం పెట్టదు మామా. నువ్ రాస్తే అమ్మ నమ్ముతది."

ఈ ఆటల పరిణామం నాకు తెలియనిది కాదు. 1996లో మా కార్యాలయంలో చూసిన ఆటలో ఆడే మనిషి కనిపించడు. తెర అడుగున తుపాకీ పట్టిన చెయ్యి మాత్రమే ఉంటుంది. చచ్చిన శత్రువు నేల మీదే పడి ఉండేవాడు. వెనక్కి వెళ్లి లెక్కపెట్టుకోవచ్చు. 1999లో చూసిన దానిలో శవాలు కాసేపటికి మాయమయ్యాయి. ఇప్పుడు యంత్రాలను తీగలతో కలిపారు. శత్రువు పక్క కుర్చీలోనే ఉంటాడు, చచ్చిన అయిదు సెకన్లకు లేస్తాడు. బొమ్మలు మెరుగయ్యాయి, రికార్డు పాడైంది.

ఒకే వ్యక్తికి రెండో మరణం రాయాలంటే మధ్యలో ఒక జననం ఉండి తీరాలి. కాబట్టి ఆట మొదలైనప్పుడూ, లేచిన ప్రతిసారీ జననం, పడిన ప్రతిసారీ మరణం రాయసాగాను.

"మరణ కారణం?" అని మొదటిసారి అడిగాను.

"తలకాయల గుండు, సార్" అన్నాడు భాల్కి యువకుడు.

"తండ్రి పేరు?"

"చెప్తుంటెనే మల్ల సచ్చిన సార్!"

"అడుగు మామా, ఇంక అడుగు" అంది మేనకోడలు. "జవాబు చెప్పుకుంట నిలబడుతుండు, మంచిగ దొరుకుతుండు."

నిష్పాక్షికత కోసం తండ్రి పేరు గడిని అప్పటి నుంచి ఖాళీగా వదిలేశాను.

ఇరవై ఎనిమిదో నిమిషంలో కరెంటు పోయింది. తెరల మీది లెక్క తెరలతోనే పోయింది. మిగిలింది నా రిజిస్టరు. యువకుడి మరణాలు ఇరవై నాలుగు. అందులో ఒకటి తన బాంబుతో తానే చచ్చినది. అది ఎవరి ఖాతాకూ చెందదు. మేనకోడలి మరణాలు ఇరవై మూడు. అంటే ఇద్దరూ సమానం.

"నన్ను జూసి బెదిరే గద బాంబు ఇసిరిండు! అది నాదే" అంది ఆమె.

"బెదురు మరణ కారణం కాదమ్మా."

జననాలు కూడా సరిచూశాను. కరెంటు పోయేటప్పుడు ఇద్దరూ బతికే ఉన్నారు కనుక, ఒక్కొక్కరి జననాలు మరణాల కంటె ఒకటే ఎక్కువ ఉండాలి. ఆమెవి ఇరవై నాలుగు, సరిపోయాయి. అతనివి ఇరవై ఆరు. ఒక మరణం నమోదు కాలేదు! నాలుగూ ఇరవై రెండుకు నేను పెన్సిలు చెక్కుకున్నాను. అప్పుడే జరిగి ఉండాలి. ఆలస్యపు నమోదుకు తెలిసినవారి వాంగ్మూలం కావాలి. మేనకోడలు లబ్ధిదారు, పనికిరాదు. మిగిలింది మృతుడొక్కడే.

"నువ్వెట్ల చచ్చినవో నువ్వే చెప్పాలె బాబూ" అన్నాను.

అతను కుర్చీని నా వైపు తిప్పాడు. "ఈ అక్కనే సంపింది సార్. మెట్ల కాడ, ఎనుకకెల్లి కొట్టింది. యాడ సంతకం పెట్టాలె?"

నా సర్వీసులో మృతుడు తన మరణాన్ని తానే ధ్రువీకరించడం అదే మొదలు. సంతకం కింద తేదీ కూడా వేయించాను.

మొత్తం జననాలు యాభై, మరణాలు నలభై ఎనిమిది, సజీవులు ఇద్దరు. మేనకోడలు చంపినవి ఇరవై నాలుగు, యువకుడు చంపినవి ఇరవై మూడు.