నాడెకు ఎంగిలి లేదు

ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లున్నాయనగా, తై నెల మొదట్లో, అంటే సంక్రాంతి వేళకు, నన్ను తమిళనాట రాజపాళయం దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. హెల్త్ ఇన్‌స్పెక్టరంటే డాక్టరు కాదు. మందు రాయడు, సూది వేయడు. ఒక ఇంట్లో అంటురోగం బయటపడితే అది ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇంకెవరికి పోబోతోంది అని గడపగడపా తిరిగి పట్టుకునేవాడు. నేను పుట్టిందీ ఆ ఊళ్లోనే, ముప్పై ఏళ్లుగా చేసిందీ ఆ పనే. అందుచేత అక్కడ నాకు తెలియనిది లేదనే పొగరు కాస్త ఉండేది.

చేరిన మూడో వారంలో రెంగమ్మ కూతురి కేసు వచ్చింది. రెంగమ్మ మన తెలుగింటి మనిషే. ఆసుపత్రులకు పోయే కట్టుగుడ్డ నేసే పవర్‌లూమ్ షెడ్డులో పగటి షిఫ్టు చేసేది. ఆరేళ్ల పిల్లకు గొంతు వాచి, లోపల బూడిదరంగు పొర కట్టింది. గీకితే నెత్తురొస్తుంది గాని ఊడిరాదు. కంఠసర్పి, అంటే డిఫ్తీరియా. అక్కడివాళ్లు తొండై అడైప్పాన్ అంటారు. ఐదో ఏట వేయించాల్సిన టీకా ఇల్లు మారిన గొడవలో తప్పిపోయింది. మా మెడికల్ ఆఫీసరమ్మ ఆ గంటలోనే పిల్లను మదురై పెద్దాసుపత్రికి పంపింది. రోగక్రిమి వదిలే విషానికి విరుగుడు మందు అందింది, పిల్ల బతికింది.

నా పని అప్పుడు మొదలైంది. ఈ రోగం దగ్గుతో, తుమ్ముతో, ఎంగిలితో పాకుతుంది. పైకి ఆరోగ్యంగా ఉన్నవాళ్ల గొంతులోనూ క్రిమి దాక్కుని ఉండవచ్చు. కాబట్టి రోగితో మసలిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకోవాలి. గొంతులోంచి దూదిపుల్లతో నమూనా తీసి ల్యాబుకు పంపాలి. వారం రోజుల మాత్రలు, టీకా ఇవ్వాలి. ఇంటివాళ్లు, పక్కింటివాళ్లు, బళ్లో పక్కన కూర్చునేవాళ్లు కలిపి నా జాబితాలో పదకొండు పేర్లు వచ్చాయి.

ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, గిన్నెలూ గ్లాసులూ పంచుకుంటారా అని. షెడ్డులో ఒకే గ్లాసుతో తాగుతారా అని అడిగితే రెంగమ్మకు కోపం వచ్చింది.

"ఏమి సార్ ఇట్ల అడుగుతారు? మేము ఎత్తి పోసుకునే తాగుతాము. నోరు పెట్టి తాగే పళక్కము మాకు లేదు" అంది.

ఆ మాట నిజమే. మా ఊళ్లో పసిపిల్లలు కూడా చెంబు పెదవికి తగలకుండా తాగుతారు. 'లేదు' అని టిక్కు పెట్టాను.

నమూనా ఫలితం వచ్చేదాకా పనికి పోవద్దని చెప్పడం మా నియమం. రెంగమ్మ బతిమాలింది. "నేను ఇంట్లో కూచుంటే తరి ఇంగొకరికి ఇచ్చేస్తారు సార్" అంది. తరి అంటే మగ్గం. నేను లెక్క వేసుకున్నాను. షెడ్డులో ఎవరి మగ్గం వారిది, మధ్యలో దూరం ఉంటుంది. ఆ చప్పుడులో ఎవరూ ఎవరితోనూ మాట్లాడరు. మూతికి గుడ్డ కట్టుకుని పొమ్మన్నాను. మా మెడికల్ ఆఫీసరమ్మను అడగలేదు.

నాలుగో రోజున రెంగమ్మ గొంతులో క్రిమి ఉందని ఫలితం వచ్చింది. అప్పటికే మాత్రలు మింగుతోంది కదా అని పెద్దగా కంగారు పడలేదు. మరో నాలుగు రోజులకు అళగిరి ఆసుపత్రికి వచ్చాడు. అదే షెడ్డు, అదే మగ్గం, రాత్రి షిఫ్టు. ఇరవయ్యేడేళ్ల వాడు. మూడు రోజులుగా గొంతు నొప్పి ఉన్నా దూదిదుమ్ము వల్లనే అనుకుని బెల్లం చప్పరిస్తూ పనికి పోయాడట. మెడ వాచిపోయి ఉంది. అతన్నీ మదురైకి పంపారు. అతని పేరు నా జాబితాలో లేదు.

ఆ సాయంత్రం షిఫ్టు మారే వేళకు షెడ్డుకు వెళ్లి నిలబడ్డాను. ఒక నేతగత్తె, మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో దారం కండె అయిపోగానే మగ్గం ఆపింది. కొత్త కండె పెట్టి, మూతి గుడ్డ కిందికి లాగి, దారం బయటికొచ్చే నాడె కంటికి, ఆ చిన్న రంధ్రానికి, పెదవులు ఆనించి చప్పున పీల్చింది. దారం కొస కంట్లోంచి బయటికి వచ్చింది. మగ్గం మళ్లీ కదిలింది. కాసేపటికి మళ్లీ అదే పని. షిఫ్టు మారగానే అదే నాడెను రాత్రి మనిషి అందుకుని నోట పెట్టుకున్నాడు.

ఇది నాకు తెలియనిదా? మా మేనత్త రోజంతా అట్లా పీల్చడం చూస్తూ పెరిగినవాణ్ణి! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

అక్కడున్న పెద్ద నేతగాణ్ణి, ఇది ఎంగిలి కాదా అని అడిగాను. "నాడాకు ఎంగిలేమి సార్? అది సామాను. ఆయుధ పూజకు చందనము పెట్టి కుమ్ముడుతాము" అన్నాడు. నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. దారం లాగే చిన్న కొక్కెం గోడ మేకుకు వేలాడుతోంది. దానితో ఆలస్యమవుతుందని ఎవరూ ముట్టరు.

షెడ్డులో అందరికీ నమూనాలు, మాత్రలు, టీకాలు అయ్యాయి. కొక్కెం లేనిదే నాడె పట్టకూడదని యజమానిని ఒప్పించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. ఇంకెవరికీ రాలేదు.

అళగిరి గొంతు పది రోజుల్లో బాగుపడింది. ఇడ్లీ తిన్నాడు, ఇంటికి పోతానని మారాం చేశాడు. కాని ఈ రోగం విషం గొంతు మానాక గుండెను పడుతుంది. విరుగుడు ఎంత ఆలస్యమైతే అంత ముప్పు. ఆసుపత్రిలో చేరిన పదహారో రోజు పొద్దున మంచం మీద లేచి కూర్చుని, అట్లాగే ఒరిగి ప్రాణం వదిలాడు.

తర్వాత రెంగమ్మ ఒకసారి ఆరోగ్య కేంద్రానికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మీరు పో అనినందుకే కదా నేను పోయినాను? వద్దు అనుంటే నేను పోయుండను" అంది.

ఆమె వెళ్లిపోయింది.

అళగిరికి అంతకు ముందే సోకిందో, నేను పొమ్మన్నాక సోకిందో ఎవరూ చెప్పలేరు. ఆ సందేహాన్ని నాకు అనుకూలంగా వాడుకోలేదు. నియమం తప్పి అనుమతి ఇచ్చింది నేనేనని నివేదికలో రాశాను. సంజాయిషీ అడిగారు, ఇచ్చాను. ఎప్పుడు సోకినా, మొదటి రోజే అతని పేరు రాసి ఉంటే మొదటి రోజే మాత్రలు అందేవి. గొంతు నొప్పి అనగానే ఎవరో ఒకరు నోరు తెరిపించి చూసేవారు.

కొత్తగా చేరిన ఇన్‌స్పెక్టర్లు అడిగితే ఒకటే చెబుతాను. ఏం పంచుకుంటారని అడిగితే జనం తాము ఎంగిలి అనుకున్నదే చెబుతారు. ఒక పూట నిలబడి, నోటికి ఏమేం తగులుతున్నాయో మీరే చూడండి. అళగిరి పన్నెండో పేరు కావలసినవాడు. నా జాబితా పదకొండుతో ఆగింది.