అప్పలకొండకి జపాను స్నానాలగది

తవిటయ్యకి కోపం రావడానికి పెద్ద కారణమేమీ అక్కర్లేదు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, పెట్టెలు బాగుచేసే చోట ముప్పయ్యారేళ్లు వడ్రంగం చేసి రిటైరైన మనిషి. అక్కడ డ్రాయింగు కాగితం మీద ఎంతుంటే బల్ల అంతే ఉండాలి. వెంట్రుకవాసి తేడా వస్తే చేసినవాడి చేతే విప్పించేవారు. ఆ అలవాటు ఉద్యోగంతో పోతుందనుకున్నారు ఇంట్లోవాళ్లు. పోలేదు సరికదా, ఆ ఊళ్లోనే తాల్‌బగీచా పేటలో కట్టుకున్న రెండు గదుల ఇంట్లో చెంచా వంకరగా పెట్టినా కేకలేసే దాకా వచ్చింది.

రెండేళ్ల కిందట ఆయన భార్య అప్పలకొండ స్నానాలగదిలో జారిపడింది. అప్పట్నుంచి నిలబడి నీళ్లు పోసుకుంటే కాలు వణుకుతుంది. ప్లాస్టిక్ కుర్చీ వేస్తే ఆ నున్నటి నేల మీద అదీ జారింది. ఇక కోడలు మౌనికే దగ్గరుండి పోస్తోంది. మౌనిక మంచిది, ఏనాడూ విసుక్కోలేదు. అయినా అప్పలకొండకి చచ్చేంత సిగ్గు. పిలవలేక రెండేసి రోజులు స్నానం మానేసి, మెడకింత పౌడరు అద్దుకుని తిరిగేది.

"తలుపేసుకుని నా తానం నాను సేసుకోవాల. ఇంకేటొద్దు నాకు," అంది ఒకరోజు. అంటూనే ఏడ్చేసింది. తవిటయ్య గుండె కలుక్కుమంది. అలా కలుక్కుమన్నప్పుడు కూడా ఆయనకి కోపమే వస్తుంది, ఏం చేస్తాం!

మౌనిక ఫోనులో ఒక ఫోటో చూపించింది. జపానువాళ్ల స్నానాలగది. చిన్నదే. కింద సందులు వదిలి పరిచిన చెక్కలు, వాటి మీద చిన్న పీట, చేతికందేలా బాల్చీ, చెంబు, గోడకి వెదురు తడక, ఓ మూల గులకరాళ్లు. పక్కన కొలతలన్నీ రాసున్నాయి. "కూకునే పోసుకుంటారంట మావయ్యా, నేల జారదంట," అంది.

"డ్రాయింగు దొరికింది," అన్నాడు తవిటయ్య. అక్కడే వచ్చింది తంటా.

మేస్త్రీని పెడితే పెన్షను చాలదు కనక తనే మొదలెట్టాడు. గోల్‌బజార్ వెళ్లి జపాను తరహా టైల్సు కావాలంటే, కొట్టువాడు "యే లో దాదా, ఏక్‌దమ్ జపానీ," అంటూ గొడుగు పట్టుకున్న అమ్మాయి బొమ్మలున్నవి ముందు పెట్టాడు. "ఆ పిల్ల సూస్తుంటే నా పెళ్లాం తానమెలా సేస్తాదయ్యా?" అని తెలుగులోనే అరిచి వచ్చేశాడు. వెదురు తడక అడిగితే కొబ్బరాకు తడక ఇచ్చారు. నున్నటి గులకరాళ్లు చేపల తొట్లు అమ్మే కొట్లో ఉన్నాయి గానీ, ఆ ధర వింటే చేపలకి కూడా కళ్లు తిరుగుతాయి. చివరికి ఏటి ఒడ్డుకెళ్లి గోనెసంచిలో తనే ఏరి తెచ్చుకున్నాడు. నడుం పట్టేసింది.

చెక్క దగ్గర ఇంకో తలనొప్పి. వేలంలో పోయిన పాత రైలు స్లీపర్లు కోసి అమ్మే అడితి ఒకటి ఆయనకి తెలుసు. పట్టాల కింద నలభై ఏళ్లు నానినా పుచ్చని కలప, పైగా చవక. పుచ్చకుండా దానికి నల్లనూనె పట్టిస్తారని ఆయనకి తెలీదా? తెలుసు. ఎండకీ వానకీ ఎప్పుడో పోయుంటుందిలే అనుకున్నాడు. చిత్రిక పట్టి, పరిచి, వేణ్నీళ్లు పోసి చూశాడు. ఆవిరితోపాటు గప్పున లేచింది వాసన! ఇల్లంతా రైలుకట్ట కంపు. అరికాళ్లు నల్లబారాయి. మౌనిక ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఓలమ్మో, తానానికెల్తే మల్లా తానం సెయ్యాలేటి!" అంది అప్పలకొండ మంచం మీంచి.

"నోరు ముయ్యే!" అన్నాడు గానీ, నాలుగు రోజుల పని పీకి పారేస్తుంటే ఆయనకి నిజంగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ వేప చెక్క తెచ్చి, మళ్లీ కోసి, మళ్లీ పరిచాడు. ఈ మధ్యలో అప్పలకొండ రెండుసార్లు, "నన్నోపాలి సూడనీవేటయ్యా," అని అడిగింది. పని పూర్తికాని పెట్టెలోకి ప్యాసింజరుని ఎక్కనిస్తారా? పొమ్మన్నాడు.

ఆదివారం పొద్దున్న అంతా సిద్ధమైంది. ఫోటో పక్కన పెట్టి చూస్తే ఒక్క తేడా లేదు. పీట ఎత్తు పన్నెండంగుళాలంటే పన్నెండే. అప్పలకొండ కొత్త తువ్వాలు భుజాన వేసుకుని లోపలికెళ్లి గడియ పెట్టుకుంది. నీళ్ల చప్పుడు. చాలాసేపు విన్నాడు తవిటయ్య, మీసం కింద నవ్వుకుంటూ. నీళ్ల చప్పుడాగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. తర్వాత సన్నగా, "మౌనికా... ఓలమ్మా, మౌనికా..."

గడియ తియ్యడానికి కూడా ఆ పీట మీంచి లేవలేకపోయింది పాపం. కర్రతో పైనుంచి తీసి, మౌనిక లోపలికెళ్లి చంకల్లో చేతులేసి లేపాల్సి వచ్చింది.

తవిటయ్య మండిపడ్డాడు. "కొలత తప్పలేదే! జపానోల్లకి మోకాల్లుండవేటి?"

తడిజుట్టుతో మంచం మీద కూర్చున్న అప్పలకొండ తలెత్తలేదు. "ఉంటాయి. ఆల్లు ఆల్లకి సేసుకున్నారు. నువ్వు ఫోటోకి సేసినావు."

ఆ మాట తగలరాని చోట తగిలింది. "నాను లేసి సూపిస్తానుండు!" అని విసురుగా లోపలికెళ్లి, తలుపు మూసి, పీట మీద చతికిలబడ్డాడు. లేవబోయాడు. రాళ్లు మోసిన నడుం కలుక్కుమని అక్కడే బిగుసుకుపోయింది. గోడ పట్టుకున్నాడు, చెయ్యి జారింది. ఇంకోసారి ప్రయత్నించాడు. లాభం లేదు.

బయట మౌనిక గిన్నెలు సర్దుతోంది. ఒక్క కేకేస్తే చాలు, వస్తుంది. కోడలి చేత లేపించుకోవడమా! ఛీ! చెమటపట్టిన మొహంతో అలాగే కూర్చున్నాడు. రెండేళ్లపాటు పెళ్లాం మెడకి పౌడరెందుకు అద్దుకుందో అప్పుడు తెలిసొచ్చింది. ఒళ్లంతా సిగ్గేసింది.

"లేసినావేటయ్యా?" తలుపవతల అప్పలకొండ గొంతు.

"లేదే," అన్నాడు మెల్లగా. "నువ్వు రా. నువ్వొక్కదానివే."

గోడ పట్టుకుని వచ్చి నిలబడింది. నవ్వుతుందేమోనని చూశాడు. నవ్వలేదు.

"ఎంతెత్తు గావాలే నీకు?" అని అడిగాడు. ఇన్నాళ్ల పనిలో ఆమెని అడిగిన మొదటి మాట అదే.

అప్పలకొండ కాస్త ఆలోచించింది. వంగలేక, వేలుతో ఆయన మోచేతి వైపు చూపించి, "అక్కడికి," అంది.

ఫోటోలో అంత లేదే అనే మాట తవిటయ్య నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, పెన్సిలు తెమ్మన్నాడు.