ఉమ్ ఖలీల్ ఇంట్లో ఉండిపోయిన గిన్నె

ఇది రాయడం ఎందుకులే అని రెండు రోజులు ఊరుకున్నాను... రాసి ఎవర్ని ఉద్ధరించాలి? కానీ పై అంతస్తు వాళ్లు మొన్న పులిహోర పెట్టిచ్చిన ప్లాస్టిక్ డబ్బా వంటింటి గట్టు మీద కూర్చుని నన్నే చూస్తోంది. "ఖాళీ డబ్బా ఎలా ఇస్తామండీ?" అంటుంది మా ఆవిడ. ఆ మాట వింటే నాకు ఒళ్లు మంట. ఇవాళ్టి మంట కాదది... నలభై ఏళ్ల నాటిది.

మా చిన్నప్పుడు, అంటే ఎనభైల్లో, బహ్రెయిన్‌లో ఈసా టౌన్‌లో ఉండేవాళ్లం. నాన్న అస్కర్ అనే ఊరి దగ్గర అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ఫిట్టరు. ఈ మాట చెప్పగానే "ఓహో, దుబాయిలోనా?" అంటారు. కాదు మహాప్రభో! మా వీధి చివర గదిలో ఉండే నిజామాబాద్ అన్నలైతే బహ్రెయిన్‌లో నిలబడే "మేం దుబాయిల మంచిగున్నం" అని ఇంటికి ఉత్తరాలు రాసేవాళ్లు. చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది.

సరే, వీధి... పొద్దున్నే రొట్టెల బట్టీ ముందు వరస. వేడి రొట్టెలు కండువాల్లాగా చేతి మీద వేసుకుని నడిచిపోయేవాళ్లు. గోడకున్న ఏసీల కింద కారే నీళ్ల కోసం పిల్లులు కాచుకునేవి. మేకలు అట్టపెట్టెలు నమిలేవి. ఆ మేకల గురించి ఓ పేజీ రాయొచ్చు... వద్దులెండి.

పక్కింటావిడ ఉమ్ ఖలీల్. అంటే ఖలీల్ వాళ్లమ్మ. అక్కడ ఆడవాళ్లని పెద్దకొడుకు పేరుతోనే పిలుస్తారు. అలా నా పేరు మీద మా అమ్మ 'ఉమ్ బాబ్జీ' అయిపోయింది. నాన్నేమో "ఏమేవ్" అనేవాడు. ఆ దేశం మొత్తమ్మీద అమ్మ అసలు పేరు రెండే చోట్ల ఉండేది... పాస్‌పోర్టులో ఒకటి, పెళ్లిలో అమ్మమ్మ పేరు కొట్టించి ఇచ్చిన స్టీలు గిన్నె మీద ఒకటి. పాస్‌పోర్టు నాన్నకి వీసా ఇప్పించిన అరబ్బు యజమాని, కఫీల్ అంటారు, ఆయన బీరువాలో ఉండేది. గిన్నె మాత్రం అమ్మ చేతిలో.

ఓ ఏడాది రంజాన్ నెలలో ఉమ్ ఖలీల్ పూలపూల కంచంలో హరీస్ పంపింది. గోధుమలూ మాంసమూ కలిపి మెత్తగా ఎనిపిన జావ లాంటిది, పైన నెయ్యి. కంచం ఖాళీగా తిప్పి పంపకూడదని మన పద్ధతి. మా ఖర్మ ఏమిటంటే... వాళ్లదీ అదే పద్ధతి!

అమ్మ ఆవడలు చేసింది. కంచంలో పెడితే పెరుగు కారిపోతుందని అమ్మమ్మ గిన్నెలో పెట్టి పంపింది. అదే కొంప ముంచింది. వాళ్ల కంచం మా ఇంట్లో, మా గిన్నె వాళ్లింట్లో.

రంజాన్ అయింది. పండగ అయింది. గిన్నె రాలేదు.

"వెళ్లి అడగవే. మధ్యలో ఉన్నది గోడే కదా, సముద్రమా?" అనేవాడు నాన్న.

"గిన్నె అడిగి తెచ్చుకుంటే ఇంక మొహాలు చూసుకుంటామా?"

"పోనీ వాళ్ల కంచం పంపించు."

"ఇప్పుడు కంచం పంపితే గిన్నె పంపమని గుర్తుచేసినట్టుండదూ!"

నాన్న తల పట్టుకునేవాడు. నేనూ పక్కన కూర్చుని తల పట్టుకునేవాణ్ణి. నాకప్పుడు పదకొండేళ్లు.

ఇంతలో నాన్న కాంట్రాక్టు ఖలాస్. టిక్కెట్లు వచ్చాయి. మంచాలు పోయాయి, పొయ్యి పోయింది... అమ్మ మాత్రం రోజుకి నాలుగుసార్లు గోడ వైపు చూడ్డం, "అమ్మ ఇచ్చింది... ఇంక అంతేలే" అనుకోవడం. ఏడవదు, అడగదు. ఇంత విసుగు నేను లెక్కల మాస్టారి దగ్గర కూడా పడలేదు.

బయల్దేరే రోజు పొద్దున్న నాకు తిక్క రేగింది. ఇంట్లో మిగిలిన చెంచాడు పంచదార ఆ పూల కంచంలో పోసి, పక్కింటి తలుపు బాదాను.

ఉమ్ ఖలీల్ పంచదార చూసింది. వేలితో అద్ది నాలిక మీద వేసుకుంది. "మీ అమ్మకి కోపమా?" అంది వచ్చీరాని హిందీలో. నేను సూట్‌కేసులు కట్టినట్టు చేతులతో అభినయించి, విమానం ఎగరేసి చూపించాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని బీరువా తెరిచింది. గిన్నె తెల్లటి గుడ్డలో చుట్టి ఉంది, మా ఇంట్లో కన్నా తళతళా మెరుస్తూ. కర్జకాన్ అనే ఊళ్లో వాళ్ల తమ్ముడి తోటలో ఖర్జూరాలు పండాక నింపి పంపుదామని రోజులు లెక్కపెడుతోందట! ఖాళీ గిన్నె ఇవ్వడం సిగ్గుచేటు కదా...

నాకు గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. "ఖాళీదే ఇచ్చెయ్యండి ఖాలా" అన్నాను. ఇవ్వలేదు. నన్ను బయటికి తోసి తలుపేసుకుంది.

మధ్యాహ్నం వ్యాను హారన్ కొడుతోంది. నాన్న "యల్లా, యల్లా" అని అరుస్తున్నాడు. అప్పుడొచ్చింది ఉమ్ ఖలీల్, చెమటలు కక్కుకుంటూ. గిన్నె నిండా ఖర్జూరాలు... ఇంకా పసుపు పచ్చగా, పండనివి.

అమ్మ కాయలు చూడలేదు. గిన్నె పక్కకి తిప్పి పేరు తడిమింది. "కాంతమ్మ" అని తన గుండె మీద వేలు పెట్టుకుంది.

"కాంతమ్మ" అంది ఉమ్ ఖలీల్ నెమ్మదిగా. తర్వాత తన గుండె మీద వేలు పెట్టుకుని, "మరియం" అంది.

రెండేళ్లు గోడకి అటూ ఇటూ ఉండి, పేర్లు చెప్పుకున్నది వ్యాను ఎక్కే ముందు! ఏమనాలి వీళ్లని?

ఇప్పుడు ఎదురింటివాళ్ల పేరు లిఫ్టు పక్కన బోర్డు మీద చదువుకోవచ్చు. గిన్నెల గొడవే లేదు, అన్నీ పారేసే డబ్బాలేగా... మీ ఇంట్లో ఎవరి గిన్నెయినా ఉండిపోయిందా? మీ గిన్నె ఎవరింట్లోనైనా ఉందా? కింద రాయండి. అడగడానికి మొహమాటపడకండి, మా అమ్మలాగా.

ఇందాక మా ఆవిడ ఆ డబ్బాలో జంతికలు పెట్టుకుని పైకి వెళ్లింది. వాళ్లు జంతికలు ఒంపుకుని, డబ్బా మీరే ఉంచుకోండని మళ్లీ ఇచ్చేశారు.