రాజుగారు కూర్చోమన్నారు

నర్సింలు జీవితం ఎవరూ రాయలేదు. లార్డ్ ఆల్డర్‌మూర్ అనేవాడు చచ్చి రెండు వందల ఏళ్లు దాటినా, వాడి జీవితాన్ని జగిత్యాల జిల్లా మనిషి చేత బట్టీ పట్టించారు. తలచుకుంటేనే నాకు ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

నర్సింలు ఇరవై మూడో ఏట ఖతార్ వచ్చాడు. మెసయీద్‌లో పదిహేడేళ్లు స్కాఫోల్డింగ్, అంటే పరంజాలు, కట్టాడు. పిక్కల మీద నరాలు తాళ్లలా ఉబ్బాక కంపెనీ ఇక పనికిరావంది. నేను వెస్ట్ బేలో ఆ లార్డు పేరే పెట్టుకున్న ఒక ఇంగ్లిష్ రెస్టారెంటు వంటింట్లో పనిచేస్తున్నాను. మేనేజర్‌ను బతిమాలి నేనే అక్కడ చేర్పించాను. ఆ పాపం నాదే.

అక్కడ ఆయన డ్యూటీ లార్డు వేషం. తెల్ల విగ్గు, ముఖమల్ కోటు, మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు. గోడ మీది పటంలో లార్డుకు మీసం లేదని మీసం కూడా తీయించారు. మా వైపు మీసం తీసేది ఇంట్లో పెద్దవాళ్లు పోతేనే. వీడియో కాల్‌లో ఆ మొహం చూసి భార్య సాయవ్వ ఏడుపు లంకించుకుంది.

"ఎవలు పోయిండ్రయ్యా? నాకు జెప్పకుంట దుబాయ్ల మీసం దీసుకున్నవా?" మా ఊళ్లలో అరబ్బు దేశం ఏదైనా దుబాయే.

గుమ్మం లోపల ఎర్ర కుర్చీ ఒకటి ఉంటుంది. వచ్చినవాళ్లు అందులో కూర్చుని ఫొటో దిగుతారు. లార్డేమో పక్కన నిలబడి తన కథ ఇంగ్లిష్‌లో చెప్పాలి. నర్సింలుకు ఇంగ్లిష్ రాదు. నేను తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను, ఆయన గడగడా అప్పజెప్పేవాడు. ఇరవై ఒకటో ఏట పార్లమెంటుకు ఎన్నిక. ఆ ఊళ్లో ఓట్లు పదిహేడు, ఆ పదిహేడుగురూ లార్డు తండ్రి కౌలుదార్లే. నాలుగు నెలల మంత్రి పదవి. ఊరి పశువులు మేసే బీడుకు కంచె. అర్థమేమిటని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. జనం నవ్విన చోట తనూ నవ్వేవాడు.

గంటకు పది నిమిషాలు కూర్చోకపోతే కాలు దక్కదని డాక్టరు చీటీ రాసిచ్చాడు. మేనేజర్ దాన్ని చదివి మడిచి ఇచ్చేశాడు.

"లార్డు కూర్చుంటే కస్టమర్ ఎక్కడ కూర్చోవాలి? ఖడే రహో."

నెల తిరక్కుండా చీలమండ దగ్గర పుండు పడింది. తెల్ల మేజోడు మీద మరక కనిపిస్తోందని ఆ మహానుభావుడు నల్లవి తెప్పించాడు. కాలెలా ఉందని మాత్రం అడగలేదు.

ఉమ్ ఘువైలినాలోని మా గదిలో ఆ పుండుకు కట్టు కడుతుంటే నాకు కోపం ఆగలేదు. కాగితం తీసి చివరి పేరా అర్థం చెప్పేశాను. ముసలితనంలో లార్డుకు కాళ్లవాతం వచ్చింది. కొలువులో నిలబడలేక అవస్థపడుతుంటే రాజుగారే చూసి, నా ఎదుట కూర్చోవయ్యా అన్నారు.

నర్సింలు నా మొహంలోకి చూశాడు. "గీ మాట నేను రోజు జెప్తున్ననా?"

"రోజుకు ముప్ఫైసార్లు, నర్సన్నా."

"పదకొండు నెలల సంది?"

"అవును."

"నీకు ఎరుకుండి సప్పుడు జెయ్యలే."

నేను తల వంచుకుని కట్టు ముడి వేశాను.

మర్నాడు మధ్యాహ్నం రెస్టారెంటు నిండా జనం. నర్సింలు కథ చెబుతూ రాజుగారి మాట దాకా వచ్చి, కుర్చీలో ఉన్న అతిథిని లెమ్మని సైగ చేశాడు. అతను నవ్వుతూ లేచాడు. నర్సింలు కూర్చున్నాడు. ఇదీ ఆటేననుకుని అందరూ చప్పట్లు కొట్టారు. మేనేజర్ కూడా కొట్టాడు!

"బహుత్ అచ్ఛా! రోజూ ఇక్కడ కూర్చో. చప్పట్లు ఆగగానే లే."

చప్పట్లు ఆగాయి. నర్సింలు లేవలేదు.

"యల్లా, లే లే," అన్నాడు మేనేజర్ పళ్లు కొరుకుతూ.

నర్సింలు నల్ల మేజోడు కిందికి లాగి, కట్టు విప్పి, ఆ కాలు అందరి ఎదుటా చాపాడు. లార్డు చచ్చేదాకా మిగిలిన కథంతా కూర్చునే చెప్పాడు. ఒక్కరూ ఫొటో తీయలేదు.

నాలుగో రోజున వీసా రద్దు చేసి విమానం ఎక్కించారు. నేను వంటింట్లోంచి బయటికి వచ్చి ఒక్క మాట అనలేదు.

ఆ సాయంత్రమే మేనేజర్ కోటు తెచ్చి నా భుజాలకు ఆనించి చూశాడు. సరిపోయింది. ఇప్పుడా కథ నేనే చెబుతున్నాను, ప్రతి ముక్కకూ అర్థం తెలిసి మరీ. రాజుగారి మాట దగ్గర కూర్చుంటాను. చప్పట్లు ఆగగానే లేస్తాను.