లే అన్నది నేనే

ఒకే ఒక్క అక్షరం. ఇన్నేళ్ళుగా దాన్ని మోస్తున్నాను. నోటి నుంచి బయటికి పోయిన మాట మళ్ళీ మోయవలసిన బరువెలా అవుతుందని మీరు అడగవచ్చు. నేనూ నన్ను అడిగాను. బుద్ధి తెలిసినప్పటి నుంచి రోజూ డైరీ రాసేవాణ్ణి నేను. పొద్దున తాగిన కాఫీ చల్లారిపోయిందని కూడా రాసుకునేవాణ్ణి. ఆ అక్షరాన్ని మాత్రం ఎక్కడా రాయలేదు. ఆ రోజు పేజీలో స్కోరు ఉంది. మేం గెలిచామని ఉంది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కొత్త శతాబ్దం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి కుప్పకూలిపోతాయని లోకమంతా భయపడుతున్న రోజులవి. ఆ భయం పుణ్యమా అని మనవాళ్ళు విమానాల నిండా సింగపూరులో దిగుతున్నారు. నేను అప్పటికే ఇక్కడ పాతవాణ్ణి. రాఫెల్స్ ప్లేస్‌లోని ఒక ఆఫీసులో ప్రోగ్రాములను పరీక్షించడం నా పని. ఎవరో రాసినదాంట్లో తప్పు ఎక్కడుందో, అది నష్టం చెయ్యకముందే పట్టుకోవాలి. ఆ పనిలో నాకు మంచి పేరుండేది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

బిషాన్‌లో మా పక్క ఫ్లాట్ రాజ్యలక్ష్మిగారిది. తెనాలి వైపు వాళ్ళు. నన్ను అన్నయ్యగారూ అని పిలిచేది. భర్తకు ఓడల మీద ఉద్యోగం, ఎప్పుడో గాని ఇంట్లో ఉండడు. ఒక్కతే కూతురు, వసుధ. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగంతా అర్థమయ్యేది గాని జవాబు ఎక్కువగా ఇంగ్లీషులో వచ్చేది. పాలిటెక్నిక్‌లో చదువుతూ కాలేజీ జట్టుకు బాస్కెట్‌బాల్ ఆడేది. ఒకరోజు రాజ్యలక్ష్మిగారు, ఆఫీసు నుంచి వస్తూ దాన్ని కాస్త వెంటబెట్టుకు రండి అన్నయ్యగారూ, అంటే ఆ కాలేజీ హాలుకు వెళ్ళాను. నాకు ఆ ఆట గురించి ఏమీ తెలియదు. వెనక వరుసలో కూర్చుని ట్రైను ఎన్నింటికో చూసుకుంటున్నాను.

అప్పుడు ఆ పిల్ల ఎగిరింది.

ఎలా చెప్పను? ఇంట్లో తన పొడుగు తనకే బరువైనట్టు భుజాలు వంచుకుని, గడప దగ్గర తల దించుకుని నడిచే పిల్ల. అక్కడ నలుగురి మధ్యలోంచి పైకి లేచింది. మిగతావాళ్ళందరూ దిగిపోయారు. తను ఇంకా దిగలేదు. బంతి వచ్చేదాకా గాలిలోనే ఆగి ఉన్నట్టు, గాలి తనకోసం ఒక పీట వేసినట్టు ఉంది. నేను లేచి నిలబడ్డానని పక్కవాళ్ళు చొక్కా పట్టి లాగేదాకా నాకు తెలియలేదు. గుడిలో కూడా నాకు అలాంటి గగుర్పాటు కలిగిన గుర్తు లేదు. తరువాత ఒక్క మ్యాచ్ కూడా వదల్లేదు.

ఆ అక్షరం అక్కడే పుట్టింది. ఒక మ్యాచ్‌లో ఆమె కాలు జారి పడింది. దెబ్బేమీ కాదు. ఇంట్లో పిల్లలు పడితే అన్నట్టే, "లే! లే తల్లీ!" అని అరిచాను. ఆమె నవ్వుతూ లేచింది. నా చుట్టూ కూర్చున్న చైనీస్, మలయ్ విద్యార్థులు విరగబడి నవ్వారు. వాళ్ళ సింగపూరు ఇంగ్లీషులో మాట చివర 'లా' అనో 'లే' అనో ఒక తోక తగిలిస్తారు. ఈ పెద్దాయన మాటంతా పారేసి తోక ఒక్కటే పట్టుకున్నాడని వాళ్ళ సంబరం.

"అంకుల్, లే వాట్? లే వాట్?" అంది డ్రమ్ము పట్టుకున్న అమ్మాయి.

"జస్ట్ లే," అన్నాను.

"వా, అంకుల్ సో పవర్‌ఫుల్ లే!"

ఆమె డ్రమ్ము ఆ మాట అందుకుంది. అది మా జట్టు కేక అయిపోయింది. మావాళ్ళు ఎవరు పడినా హాలు సగం "లే! లే! లే!" అని ఊగేది. అందులో అది తోక కాదనీ, నిఖార్సైన తెలుగు ఆజ్ఞ అనీ తెలిసినవాళ్ళం ఇద్దరమే. అరిచే నేను, లేచే వసుధ. ఆమె లేచినప్పుడల్లా మా వరుస వైపు చూసి కన్ను గీటేది. ఆ రహస్యం నాకెంత గర్వంగా ఉండేదో! చదువుకున్నవాణ్ణి, తల నెరుస్తున్నవాణ్ణి, ఒక్క అక్షరంతో అంతమందిని నడిపిస్తున్నానని పొంగిపోయాను.

ఫైనల్ ఇంకా కొన్నాళ్ళుందనగా ఒక సంగతి నా కంటబడింది. మా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగదు. ఒక అంతస్తు మెట్లు దిగి లిఫ్టు ఎక్కాలి. ఎప్పుడూ ఆ మెట్లు రెండేసి చొప్పున దూకే పిల్ల, కమ్మీ పట్టుకుని, ప్రతి మెట్టు మీదా రెండు పాదాలూ ఆనించి దిగుతోంది. మోకాలు ఎలా ఉందని అడిగాను. కొంచెం పట్టేసింది అంతే అంకుల్, అమ్మకి చెప్పకండి, అంది.

తప్పులు పట్టుకోవడమే నా ఉద్యోగం. పట్టుకున్నాను కూడా. అది పట్టెయ్యడం కాదని నాకు తెలుసు. కోచ్‌కు ఒక్క మాట చెబితే ఆమెను కూర్చోబెట్టేవాడు. ఫైనల్ అయ్యాక చెబుదాంలే అనుకున్నాను. ఆ పిల్ల మాట మన్నిస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఆమె లేకుండా ఆ ఫైనల్ చూడడం నాకిష్టం లేదు. ఆమె గాలిలో ఆగడం ఇంకొక్కసారి చూడాలి. అంతే.

ఫైనల్ చివరి నిమిషం. మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. వసుధ బంతి కోసం ఎగిరింది. ఎదుటి జట్టు అమ్మాయి గాలిలో తగిలింది. కింద పడినప్పుడు వచ్చిన చప్పుడు వెనక వరుసదాకా వినిపించింది. విజిల్ మోగింది. డ్రమ్ము ఆగిపోయింది.

అప్పుడు జరిగినదాన్ని నేను ఇన్నేళ్ళుగా నెమ్మదిగా తిప్పి తిప్పి చూసుకుంటున్నాను. ఎదుటి జట్టు అభిమానులు, అంతదాకా మమ్మల్ని వెక్కిరిస్తున్నవాళ్ళు, చప్పుడు చెయ్యడానికి తెచ్చుకున్న చప్పట్ల కర్రలు నేలమీద పెట్టి ఒక్కొక్కరే లేచి నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు. ఒక హాలు నిండా కుర్రకారు అంత నిశ్శబ్దంగా నిలబడగలరని నేనెరగను. మా కోచ్ కోర్టు అంచు గీత దగ్గర నిలబడి, అరచేతులు కిందికి చూపిస్తూ, లేవద్దు, అలాగే ఉండు అని సైగ చేస్తున్నాడు. వసుధ మోకాలు పట్టుకుని తల ఎత్తింది. కోచ్‌ను చూడలేదు. మా వరుస వైపు చూసింది. నాకోసం.

ఆ నిశ్శబ్దంలో నేను అరిచాను. "లే!"

ఎవరూ అందుకోలేదు. మళ్ళీ అరిచాను. "లే!"

డ్రమ్ము అందుకుంది. తరువాత వందల గొంతులు, ఏమంటున్నాయో వాటికే తెలియని గొంతులు, నా భాషలో ఆ పిల్లకు ఆజ్ఞ ఇచ్చాయి. ఆమె లేచింది.

సిగ్గుపడుతూనే చెబుతున్నాను, అంతటి దృశ్యం నేను మళ్ళీ చూడలేదు. దెబ్బ తగలని కుడికాలి మీద బరువంతా వేసి, కోచ్‌కు వద్దని చెయ్యి ఊపి, ఫౌల్‌కు ఇచ్చిన రెండు బంతులూ వెయ్యడానికి బుట్ట ముందున్న గీత దగ్గరికి వెళ్ళింది. ఒకటి వేసింది. రెండోదీ వేసింది. ఒక్క పాయింటు ఆధిక్యం. నేను ఏడుస్తున్నాను. వెంటనే తమ బుట్టను కాపాడుకోవడానికి వెనక్కి పరుగెత్తబోయి, తిరుగుతూ, ఆమె మెలితిరిగిపోయి పడింది. ఎదుటివాళ్ళు వేసిన చివరి బంతి తప్పిపోయింది. గంట మోగింది. మేమంతా గాలిలోకి ఎగిరాం. నేనూ ఎగిరాను.

దిగాక చూశాను. ఆమె లేవలేదు. ఓడిపోయిన ఆ అమ్మాయిలే ఆమె చుట్టూ మోకాళ్ళ మీద కూర్చుని, ఎవరికీ కనబడకుండా గోడకట్టారు. మా వైపు ఎవరో ప్రేమతోనే డ్రమ్ము మొదలుపెట్టారు. "లే! లే! లే!" ఆపమని నేను చెప్పలేకపోయాను. ఆపమంటే ఆ మాటకు అర్థం చెప్పాలి కదా?

మర్నాడు ఆసుపత్రికి వెళ్ళాను. మొదటిసారి పడ్డప్పుడే ఆగి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో అన్నాడట డాక్టరు. ఇక ఆట లేనట్టే. రాజ్యలక్ష్మిగారు కూతురి మంచం పక్కన నిలబడి నా వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, హాలంతా లే లే అని ఒకటే గోలటగా. ముందు అంకులే అన్నారని దీని ఫ్రెండ్ చెప్పింది. నిజవేనా? పడిపోయిన పిల్లని పట్టుకుని లే అన్నారా?"

"లే అని ఎందుకంటానమ్మా?" అన్నాను. గొంతు వణకలేదు. "పోన్లే, పోన్లే అన్నాను. ఆట పోతే పోయింది, వదిలెయ్ తల్లీ అని. వాళ్ళకి చివరి ముక్క వినిపించి ఉంటుంది. ఇక్కడి వాళ్ళకి లే అంటే వేరే కదా."

వసుధ పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. ఇప్పుడు చెబుతుంది అనుకున్నాను. చెప్పాలి. ఆమె తల తిప్పి నన్ను చూసింది. కోపం లేదు. ఏదో బరువును అంచనా కట్టినట్టు చూసింది.

"యా, అమ్మా. అంకుల్ పోన్లే అన్నారు. నేనే వినలేదు."

"ఎంత పొగరే నీకు! అందరి ముందూ కుంటుకుంటూ బయటికి రావడం నామోషీ అయిందా? పెద్దాయన అంత మొత్తుకుంటుంటే చెవికెక్కలేదా?"

"సారీ, అమ్మా."

నేను అక్కడే ఉన్నాను. రాజ్యలక్ష్మిగారు కమలాపండు తొనలు వలిచి ఇస్తే తిన్నాను కూడా.

ఆ అబద్ధంలో ఎక్కడా పగులు లేదు. నేనే పరీక్షించినా దొరికేది కాదు. నన్ను కాపాడిందల్లా మన భాషలోని ఒక చిన్న వెసులుబాటు. ఒంటరిగా ఉంటే ఆజ్ఞ, ఇంకో మాట పక్కన చేరితే ఓదార్పు. ఒక పంతొమ్మిదేళ్ళ పిల్ల, తన కాలు పోగొట్టినవాడి పరువును ఆ కాలుతోనే మంచం మీద పడుకుని ఎందుకు కాపాడింది? నన్ను చూసి జాలిపడిందా? అమ్మకు ఊరుకాని ఊళ్ళో అన్నయ్య అనుకునే మనిషి ఒక్కడైనా మిగలాలనుకుందా? అడగలేదు. ఆ తరువాత చాలాకాలం తల్లి ఆ మాటతోనే ఆమెను సాధించేది. గోడ ఇవతల నేను వినేవాణ్ణి. అభిమానినని చెప్పుకు తిరిగిన నేను ఆమెకు ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. ఆ రోజు చప్పట్ల కర్రలు నేలమీద పెట్టినవాళ్ళకు ఆమె పేరు కూడా తెలిసి ఉండదు.

నా ఉద్యోగం అయిపోయింది. డైరీలు అలమరా నిండాయి. ఈమధ్య సాయంత్రం నడకకు వెళ్తూ మా బ్లాకు పక్కన బాస్కెట్‌బాల్ కోర్టు దగ్గర ఆగాను. వసుధ చిన్నపిల్లలకు ఆట నేర్పుతోంది. ఇప్పటికీ నడకలో ఆ కాలు కొంచెం బిగుసుకునే ఉంటుంది. ఒక చైనీస్ పాప పడింది. పక్కనున్న పిల్లలు గెటప్, గెటప్ అని అరుస్తున్నారు. వసుధ చెయ్యెత్తి వాళ్ళను ఆపింది. ఆ బిగుసుకున్న కాలును పక్కకు చాపి, కష్టపడి పాప పక్కన నేలమీద కూర్చుంది. వీపు మీద చెయ్యి వేసింది.

"పోన్లే," అంది. "పోన్లే, పోన్లే."

పాపకు ఒక్క తెలుగు ముక్క రాదు. కళ్ళు తుడుచుకుని ఆమె భుజం మీద తల పెట్టింది.

నాకు రోమాలు నిక్కబొడుచుకున్నాయి. ఆమె మొదటిసారి గాలిలోకి ఎగిరినప్పటిలాగే. నేను తప్పించుకోవడానికి కల్పించిన మాటను ఈ పిల్ల తీసుకుని, నిజం చేసి, ఊళ్ళోవాళ్ళ పిల్లలకు పంచుతోంది.

బెంచీ మీద రాజ్యలక్ష్మిగారు కూర్చుని ఉంది. "చూశారా అన్నయ్యగారూ," అంది నవ్వుతూ. "అప్పుడు మీరంటే వినలేదు గాని, ఇప్పుడు అదే మాట పట్టుకుంది."

వసుధ తల ఎత్తి నన్ను చూసింది. నేను నోరు తెరిచాను. "అవునమ్మా," అన్నాను.

అందుకే ఇంటికి వచ్చి ఇది రాస్తున్నాను. దీన్ని ఆమెకు ఇచ్చే ధైర్యం లేదు. క్షమించమని అడిగే హక్కు ఉందని కూడా అనుకోను. ఎంతో గొప్పదాన్ని కళ్ళారా చూశాను. చూసి, ఇంకొంచెం కావాలన్నాను.

నేను పోన్లే అనలేదు. లే అన్నాను. మొదటిసారి అన్నప్పుడు ఎవరూ అందుకోలేదు. అయినా మళ్ళీ అన్నాను.

రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది.