ఖాళీ చేయించిన తీరం

కర్నూలులో నేను హెడ్మాస్టరుగా పనిచేసిన పాఠశాల కార్యాలయపు గోడకు ఒక ఛాయాచిత్రం వేలాడుతున్నది. సూర్యోదయ వేళ సముద్రం. తీరాన మనిషి గాని, పడవ గాని లేదు. చూసినవారు మెచ్చుకొని, అంత నిర్మానుష్యమైన తీరం ఎక్కడ దొరికిందని అడుగుతుంటారు. ఇన్నేళ్ళూ ప్రాంతం పేరు చెప్పి ఊరుకున్నాను. అది పూర్తి సమాధానం కాదు. ఆ తీరం ఎట్లా ఖాళీ అయినదో చెప్పగలవాడిని ఇప్పుడు నేనొక్కడినే మిగిలాను గనుక, దానిని రాసిపెట్టడం నా విధి అనుకుంటున్నాను.

దయ్యాలను నేను ఎన్నడూ నమ్మలేదు. ముప్పై ఏళ్ళు గణితం బోధించినవాడిని, ఆదివారం ప్రార్థన తప్పని క్రైస్తవుడిని. తరగతిలో ఎవరైనా శ్మశానం కథలు చెప్పుకుంటే బెంచీ ఎక్కించేవాడిని.

మా అక్క శాంతమ్మ నాకన్న పదేళ్ళు పెద్దది. భర్త పోయిన తరువాత నా ఇంట్లోనే ఉండేది. మా పుట్టిన పల్లె ఓర్వకల్లు దగ్గర, రాతిగుట్టల మధ్య. అక్కడివారు వాగువంకలు పారుతున్నా ఆ నీళ్ళు ముంచుకోరు. పక్కన ఇసుకలో చేతితో చెలమ తీసి, ఊరిన తేటనీటిని చిప్పతో తోడుకుంటారు. అక్క ఆ నీళ్ళు మోసి నన్ను పెంచింది.

మందిరంలో ఏ ఆదివారం వాక్యం చదివినా ఎక్కడో ఒకచోట సముద్రం వచ్చేది. అది పాయలైందనో, పొంగిందనో, దానిపైన నడిచారనో వినేది అక్క. అరవై ఏళ్ళ వరకు అట్లా వింటూ వచ్చింది; చూడలేదు.

ఈ ప్రపంచ యుద్ధానికి ముందు మాట. నా దగ్గర ముక్కాలి స్టాండు మీద నిలిపే పాత కెమెరా ఉండేది. వేసవి సెలవుల్లో బాపట్ల వైపు సముద్రతీరానికి వెళ్ళి సూర్యోదయాన్ని చిత్రించాలని నిశ్చయించుకున్నాను. చిత్రం పడే గాజు ప్లేట్లు ఆరు సిద్ధం చేసుకున్నాను. అక్క నా పెట్టె పక్కన కూర్చున్నది.

"నన్నూ పిల్చుకోని పో రా."

రైళ్ళు మారాలని, ఆమె మోకాళ్ళు ఓర్వవని, నా పని క్రమం చెడుతుందని వరుసగా కారణాలు చెప్పాను. పటం తెచ్చి చూపిస్తాను, అది చాలునన్నాను.

"పటంలో అలల సప్పుడు ఇనపడతాదా? కాళ్ళకు తడి తగులుతాదా?"

"అక్కా, ఇక చాలు."

"సరేలేప్పా. పో. మంచి పటం తీసుకోని రా."

రైలు దిగి బండి మీద కొంత, ఇసుకలో నడిచి కొంత, ఒక చిన్న పల్లెకారుల పాలెం చేరాను. పోలయ్య అనే ముసలి జాలరి తన పాకలో చోటిచ్చాడు. ఆ సాయంత్రం కెమెరా వెనుకనుండే గరుకు గాజుపలకను చూపాను. చిత్రం తీయకముందు నల్లగుడ్డ కప్పుకొని అందులో చూస్తే, ఎదుటి దృశ్యం తలకిందులుగా కనపడుతుంది. పోలయ్య గుడ్డలో తల దూర్చి కేక వేశాడు.

"అయ్యగారూ, సముద్రాన్ని బోర్లించేశారే! మా పడవలేం కావాలండీ?"

సృష్టి మొదటినాటి సముద్రం లాంటి చిత్రం కావాలని నా సంకల్పం. అందులో మనిషి జాడ ఉండరాదు. పడవలు పక్కకు లాగించాను. అటు ఎవరూ రావద్దని పాలెంలో చెప్పించాను.

మొదటి ఉదయం, తూర్పు తెల్లబడుతుండగా గుడ్డ కప్పుకొని చూశాను. నీటి అంచున ఒక స్త్రీ గొంతుకూర్చొని, వీపు నా వైపు పెట్టి, చేతితో ఇసుక తోడుతున్నది. గుడ్డ తీసి చూశాను. తీరం ఖాళీగా ఉన్నది. మరక అనుకొని గాజుపలక తుడిచాను, కటకం తుడిచాను. మళ్ళీ గుడ్డలోకి వెళితే ఆమె అక్కడే ఉన్నది, చేయి కదులుతున్నది. మరకలకు చేతులు కదలవు. నాకు కోపం వచ్చింది, భయం కాదు. ఆమె లేచిపోవాలని కాచుకొని కూర్చున్నాను. సూర్యుడు పైకి వచ్చేశాడు. ఆ రోజు చిత్రం తీయలేదు.

రెండవ ఉదయం పోలయ్యను వెంట ఉంచుకున్నాను. ఏమి చూడాలో చెప్పకుండా, గుడ్డలోకి వెళ్ళి చూడమన్నాను.

"ఎవరో ఆడమనిషి ఇసక తోడతా ఉంది గదండీ!"

తల బయట పెట్టి తీరం వంక చూశాడు. మళ్ళీ లోపలికి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. అతని నోట హాస్యం పోయింది.

"మా పాలెం మనిషి కాదండీ. ఎదురుగా ఇంత సముద్రం ఉంటే, పక్కన గుంట తవ్వేదెవరండీ? ఎవరో మెట్టదేశం మనిషి."

ఆ కూర్చునే తీరు, కొంగు నడుముకు దోపిన తీరు నాకు తెలిసినవే. తెలిసినవని ఒప్పుకొనడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆనాడు చేసింది మాత్రం ఇది: గుడ్డను చేతికి తీసుకొని, ఖాళీ తీరానికేసి ఊపుతూ, "పక్కకు జరగమ్మా!" అని రెండుసార్లు గట్టిగా అరిచాను. తిరిగి గాజుపలకలో చూసేసరికి ఆమె లేచి నిలబడి, చేతులు దులుపుకొని, చిత్రం అంచు దాటి వెళ్ళిపోతున్నది. తిరిగి చూడలేదు. ఇంతలో మబ్బు కమ్మింది.

మూడవ ఉదయం పోలయ్య రానన్నాడు. గాజుపలకలో నీళ్ళు, వెలుగు తప్ప మరేమీ లేవు. నేను కోరిన చిత్రం దొరికింది. అదే ఆ గోడ మీదున్నది.

ఇంటికి చేరి, ప్లేటు కడిగి, కాగితం మీద ముద్ర తీసి అక్కకిచ్చాను. దానిని కిటికీ దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"బాగుండాది. నేను కూకోనింది ఈడనే కదా?" అని ఎడమ మూల వేలు పెట్టింది.

"యాడ కూర్చున్నావు నువ్వు?"

"ఈడనేప్పా. చెలమ తీస్తి. ఊరిన నీళ్ళు గూడా ఉప్పే. శానా ఆశ్చర్యపోతి. నువ్వేమో నల్లగుడ్డ ఊపి పక్కకు జరగమంటివి. పటం చెడిపోతాదేమోనని లేచి వస్తిని."

గుడ్డ ఊపిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఉత్తరం కూడా రాయలేదు. పోలయ్యకు మా ఊరు తెలియదు. అయినా ఆ క్షణాన నా నోట వచ్చింది మందలింపే. కలలో కన్నవన్నీ నిజమని చెప్పడం ఈ వయసుకు తగదన్నాను.

అక్క నవ్వింది. "హెడ్మాస్టరింట్లో కలలు గూడా గంట కొడితేనే రావల్ల!"

నేను నవ్వలేదు. ఆమె పటం నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళింది. మరెన్నడూ ఆ మాట ఎత్తలేదు.

ఆ వారంలోనే పొరుగింటి ఖాసింబీ తనంతట తాను చెప్పింది. "అయ్యవారూ, మీరు ఊర్లో లేనప్పుడు మీయక్క రెండు దినాలు పొద్దెక్కినా లేయలేదు. తట్టి లేపినా పలకలే. భయమేసింది నాకు. మూడో దినం మామూలుగా కోడి కూసే పొద్దుకే లేసింది." ఏయే దినాలని అడిగాను. లెక్క సరిపోయింది.

ఇక్కడితో ఆపితే నా తప్పులో సగమే చెప్పినట్లు. ఆ తరువాత కూడా ఆమెను సముద్రానికి తీసుకుపోవడానికి నాకు అవకాశముండినది. దసరా సెలవులు వచ్చాయి, క్రిస్మసు సెలవులు వచ్చాయి. తీసుకుపోతే ఆమె అక్కడ నిలబడి, ఇది నేను చూసినదేనని అంటుందని, అప్పుడు నేను తల వంచవలసి వస్తుందని వెనుదీశాను. మోకాళ్ళ నొప్పి వంక చెప్పాను. మరుసటి వేసవిలో ఆమె జ్వరంతో పోయింది. ఆ నీళ్ళు ఎట్లా ఉన్నాయో, ఇంకేమి చూసిందో నేను ఒక్కసారైనా అడగలేదు.

కటకం ముందు లేనిదానిని గాజుపలక చూపగలదా? నాకు తెలిసిన గణితంలో దీనికి సమాధానం లేదు. పోలయ్య, ఖాసింబీ ఇద్దరూ గతించారు. వారి మాటలను జ్ఞాపకం మీదనే రాశాను. ఇందులో పొరపాట్లు ఉండవచ్చు. కెమెరాలు ఎరిగినవారు, నిద్రను గురించి ఎరిగిన వైద్యులు, ఆ తీరపు వారు దయతో దిద్దవలసిందిగా కోరుతున్నాను. నా విద్యార్థులు దిద్దినా సంతోషిస్తాను. అదంతా కటకపు దోషమేనని రుజువు చేసినవారికి కృతజ్ఞుడినై ఉంటాను. ఎందుకంటే రుజువు దొరికేవరకు, మా అక్క ఎట్లాగో సముద్రం దాకా వచ్చిందని, ఆమెను అక్కడినుంచి లేపి పంపినది నేనేనని నమ్మక తప్పదు.